రాటర్‌డ్యామ్ దాకా ఒక లెక్క, లండన్‌కి మరో లెక్క: బ్రెగ్జిట్ తర్వాత ఒక చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీ

ఈ కేసు చిత్తూరు జిల్లాలోని ఒక మధ్యతరహా మామిడి గుజ్జు ఫ్యాక్టరీది. యజమాని అనుమతితో రాస్తున్నాను. ఊరు, కొనుగోలుదారుల పేర్లు, సరుకు పరిమాణాలు చెప్పడం లేదు. ఫలానావారిదని గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. ఎగుమతి పత్రాలు, కస్టమ్స్, బ్యాంకు వ్యవహారాల్లో ఇక్కడి చిన్న, మధ్యతరహా యూనిట్లకు సలహాలివ్వడం నా పని. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళ్ళడం (బ్రెగ్జిట్) వల్ల ఆ దేశానికి ఎంత నష్టమన్న చర్చ చాలా జరిగింది. ఆ కూటమిలో ఎన్నడూ లేని మనకు ఆ దెబ్బ ఏ దారిన తగులుతుందో మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. అందుకే ఈ కేసు.

నేపథ్యం

తోతాపురి సీజన్ జూన్, జూలై నెలల్లో ఉరకలు పెడుతుంది. ర్యాంపుల (కాయ పోగుచేసి అమ్మే చోట్ల) నుంచి, తోటల నుంచి కాయ కొనాలి, మాగబెట్టాలి, గుజ్జు తీసి డబ్బాల్లోనో అసెప్టిక్ (క్రిములు చేరకుండా మూసే) డ్రమ్ముల్లోనో నింపాలి. అమ్మకం మాత్రం ఏడాదంతా సాగుతుంది. రైతుకిచ్చే డబ్బు, టిన్నుల ఖర్చు, కూలీలు అన్నీ బ్యాంకు ప్యాకింగ్ క్రెడిట్‌లోంచి, అంటే సరుకు ఎగుమతి కాకముందే ఇచ్చే అప్పులోంచి, ముందే పోతాయి. తిరిగొచ్చేది నెలనెలా కొంచెం కొంచెంగా. గోడౌన్‌లో సరుకు ఒక నెల ఎక్కువ నిలబడితే ఆ నెల వడ్డీ లాభంలోంచి పోవాల్సిందే. మరుసటి సీజన్‌కి పాత నిల్వ మిగిలిందంటే ఫ్యాక్టరీ కాయ తక్కువ కొంటుంది, గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి, ర్యాంపులో ధర పడిపోతుంది. లండన్ ఆర్డరు ఆగితే బంగారుపాళ్యం రైతుకి తెలిసేది ఈ దారిలోనే.

ఈ యూనిట్ ఎక్కువగా 3.1 కిలోల డబ్బాలు, ఆరేసి ఒక కార్టన్‌గా పంపేది. కొంత 850 గ్రాముల చిన్న టిన్నుల్లో, ఇంట్లో వాడుకునేవారి కోసం. యూరప్‌లో వీళ్ళకు ఒక్కడే పెద్ద కొనుగోలుదారు, నెదర్లాండ్స్ వ్యాపారి. కంటైనర్లు చెన్నై నుంచి అక్కడి రాటర్‌డ్యామ్ రేవుకి వెళ్ళేవి. అక్కడ ఒకసారి సుంకం కట్టి దించుకుంటే సరుకు యూనియన్‌లో ఎక్కడికైనా స్వేచ్ఛగా తిరిగేది. ఆయన జర్మనీకి కొంత, ఫ్రాన్స్‌కి కొంత, బ్రిటన్‌లోని మన కిరాణా హోల్‌సేలర్లకు, లస్సీ, కుల్ఫీ తయారీదారులకు కొంత పంపేవాడు. బ్రిటన్ వాళ్ళవి చిన్న ఆర్డర్లు, నలభై యాభై కార్టన్లు. ఇతర సరుకుతో కలిపి ఒకే లారీలో సముద్రం దాటేవి. ఏ డబ్బా ఏ దేశం పోతుందో చెన్నైలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

చిత్తూరు వాళ్ళకు ఇది అర్థం కావాలంటే నరహరిపేట గుర్తు చేస్తే చాలు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చేదాకా వేలూరు వెళ్ళే ప్రతి లారీ వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులో ఆగి కాగితాలు చూపించాల్సి వచ్చేది. ఆ తర్వాత ఆ ఆగడం పోయింది. ఇంగ్లిష్ చానల్ మీద జరిగింది దీనికి తిరగేసిన కథ. దశాబ్దాలుగా లేని చెక్‌పోస్టు మళ్ళీ వచ్చింది.

2016 జూన్ 23న రెఫరెండం, 2020 జనవరి 31న నిష్క్రమణ, ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా పాత నియమాలే నడిచిన మధ్యకాలం. డిసెంబర్ 24న బ్రిటన్‌కీ యూనియన్‌కీ మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరింది. సుంకం లేదు, కోటా లేదు అన్న వార్త ఇక్కడి పత్రికల్లో కూడా వచ్చింది. యజమాని ఆ వార్త చదివి ఊపిరి పీల్చుకున్నారు.

సమస్య

2021 జూలైలో, సీజన్ నడుమ, నెదర్లాండ్స్ నుంచి మెయిల్ వచ్చింది. బ్రిటన్ ఆర్డర్లు దాదాపు ఆగిపోయాయి, ఒప్పుకున్న కంటైనర్లలో కొన్ని వాయిదా వేయండి, మిగతా వాటికి ధర తగ్గించండి అని. యజమాని ఆ మెయిల్ పట్టుకుని వచ్చారు.

"వాళ్ళిద్దరి మధ్య సుంకం లేదని రాసినారు గదా మేడం. మళ్ళీ మన గుజ్జుకెందుకు పడింది?"

ఈ కేసు మొత్తానికి ఇదే అసలు ప్రశ్న. ఆ ఒప్పందంలోని సున్నా సుంకం బ్రిటన్‌లోనో యూనియన్‌లోనో పుట్టిన సరుక్కే. మన గుజ్జు రాటర్‌డ్యామ్‌లో సుంకం కట్టి ఎంతకాలం గోడౌన్‌లో ఉన్నా అది భారతదేశపు సరుకే. బ్రిటన్‌లో అడుగుపెట్టగానే అక్కడి సుంకం మళ్ళీ కట్టాలి. పైగా జీఎస్పీ (వర్ధమాన దేశాల సరుక్కి సుంకం తగ్గించే పథకం) రాయితీ కింద నేరుగా వెళ్ళి ఉంటే పడే తక్కువ రేటు కూడా దక్కలేదు. ఆ రాయితీ కావాలంటే దారిలో సరుకు కస్టమ్స్ అజమాయిషీలోనే ఉండాలి. రాటర్‌డ్యామ్‌లో విడిపించుకున్నాక అది తెగిపోయింది. ఒకే డబ్బాకు రెండు సుంకాలు, రెండోది రాయితీ లేకుండా.

జనవరిలో మొదలైన నియమం జూలైలో ఎందుకు తగిలింది? దీనికీ కారణముంది. రద్దీ భయంతో బ్రిటన్ ఆ ఏడాది యూనియన్ నుంచి వచ్చే మామూలు సరుక్కి పూర్తి డిక్లరేషన్‌ను (సరుకు వివరాలతో కస్టమ్స్‌కిచ్చే ప్రకటనను) 175 రోజుల దాకా ఆలస్యంగా ఇచ్చే వెసులుబాటు కల్పించింది. హోల్‌సేలర్లు సరుకు దించుకున్నారు, పాత ధరకే అమ్మేశారు. సుంకం లెక్క నెలల తర్వాత వచ్చింది. ఆ బిల్లు చూసినవాళ్ళు మళ్ళీ ఆర్డర్ పెట్టలేదు.

ముందు విడదీయాల్సింది

యజమానికి అప్పటికే రెండు టెన్షన్లు కలిసిపోయి ఉన్నాయి. 2021లో కంటైనర్ అద్దెలు విపరీతంగా పెరిగాయి, మార్చిలో సూయజ్ కాలువకు ఓడ అడ్డం పడింది, ఓడల రాకపోకలకు నమ్మకం లేకుండా పోయింది. ఇదంతా బ్రెగ్జిట్ వల్లేనని ఆయన, ఇదంతా కరోనా వల్లే, సద్దుమణుగుతుందని బ్యాంకు మేనేజర్. ఇద్దరి మాటా పట్టుకుంటే తప్పు నిర్ణయమే వస్తుంది. కరోనా వల్లయితే ఓపిక పట్టాలి. బ్రెగ్జిట్ వల్లయితే ఓపిక పట్టినంతకాలం వడ్డీ పెరుగుతుంది, ఆర్డర్ మాత్రం రాదు.

అందుకని నెదర్లాండ్స్ వ్యాపారిని అడిగి దేశాలవారీగా అమ్మకాలు తెప్పించాం. జర్మనీ, ఫ్రాన్స్ ఖాతాదారులకు కూడా పెరిగిన ఖర్చు ఏదైనా ఉంటే అది ఓడల సమస్య. బ్రిటన్ వాళ్ళకు మాత్రమే పెరిగిన ఖర్చు సరిహద్దు సమస్య. ఈ ఒక్క పోలికతో చిత్రం తేటపడింది. జర్మనీ వాళ్ళు గొణుక్కుంటూనే పాత మోతాదులో కొంటున్నారు. బ్రిటన్ వాళ్ళలో కూడా అందరూ తగ్గలేదు. చిన్న ఆర్డర్లవాళ్ళే మాయమయ్యారు. ఏ కేసులోనైనా నేను ముందు వెతికేది ఇలాంటి పోలికనే, ఒకే గాలివానలో తడిసినవాళ్ళలో ఎవరి ఇల్లు మాత్రమే కూలిందని.

ధర తగ్గించడం

నేను వద్దన్నా యజమాని మొదట రాయితీ ఇచ్చారు. ఆయన్ని తప్పుపట్టలేను. గోడౌన్ నిండా సరుకు, బ్యాంకు వాయిదా దగ్గరపడింది, గేటు బయట కాయల బండ్లు. నా అభ్యంతరం ఆ రాయితీ జబ్బున్న చోట పడదన్నదే.

కొత్త ఖర్చులో సుంకం ఒక భాగం. రెండో భాగం కాగితాలది, అది కిలోకి పడేది కాదు, ఒక్కో లోడుకి పడేది. లెక్క కోసం ఒక డిక్లరేషన్‌కు ఏజెంటు ఫీజు 60 పౌండ్లు అనుకుందాం. వెయ్యి కార్టన్ల నిండు కంటైనర్‌కైతే కార్టన్‌కు 6 పెన్నీలు. నలభై కార్టన్లకైతే కార్టన్‌కు ఒకటిన్నర పౌండ్లు. పైగా నెదర్లాండ్స్ వైపు ఎగుమతి డిక్లరేషన్ వేరే. కలిపి వెళ్ళే లారీలో ఒక్కరి కాగితం తేడా వస్తే లారీ మొత్తం ఆగుతుంది కాబట్టి రవాణా కంపెనీలు చిన్న లోడ్లు ఎక్కించుకోవడానికే వెనకాడాయి. ఇక్కడ కిలోకి రెండు రూపాయలు తగ్గిస్తే నలభై కార్టన్లు కొనే కుల్ఫీ వ్యాపారికి ఇవేవీ తీరవు. ఆ రాయితీ వల్ల లాభపడింది జర్మనీ ఖాతాలు, అంటే సమస్యే లేనివాళ్ళు. రెండు కంటైనర్ల తర్వాత యజమానే ఆపేశారు.

బ్రిటన్ బడ్జెట్ అంచనాల సంస్థ ఓబీఆర్, యూనియన్‌లో ఉండి ఉంటే ఉండే స్థాయితో పోలిస్తే దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని, ఎగుమతి దిగుమతులు 15 శాతం తగ్గుతాయని అంచనా వేసింది. ఇవి సగటు అంకెలు. పెద్ద కంపెనీకి డిక్లరేషన్లు చేసే విభాగమే ఉంటుంది, చిన్న వ్యాపారికి ఉండదు. ఆ సగటు వెనక నిలబడినవాళ్ళూ, పూర్తిగా వదిలేసుకున్నవాళ్ళూ ఇద్దరూ ఉన్నారు. మన గుజ్జు కొనేవాళ్ళు ఎక్కువగా రెండో రకం.

బాండెడ్ గోడౌన్ దారి

రెండో ప్రయత్నం పుస్తకం ప్రకారం చక్కనిది. రాటర్‌డ్యామ్‌లో బ్రిటన్ వాటాను విడిపించుకోకుండా, సుంకం కట్టకుండా బాండెడ్ గోడౌన్‌లో ఉంచి, టీ1 ట్రాన్సిట్ పత్రం (సుంకం కట్టని సరుకును కస్టమ్స్ అజమాయిషీలోనే దాటించే కాగితం) మీద బ్రిటన్‌కు పంపడం. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ సొంత హోదాలో ఆ ట్రాన్సిట్ ఒప్పందంలో సభ్యురాలు కాబట్టి దారి తెరిచే ఉంది. సుంకం ఒక్కసారే, జీఎస్పీ రాయితీ కూడా నిలుస్తుంది.

రెట్టింపు సుంకం నిజంగానే పోయింది. కానీ వ్యాపారి సొంత గోడౌన్‌కు బాండ్ అనుమతి లేదు, అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది. ఒక్కో ట్రాన్సిట్‌కి హామీ, ఒక్కో లోడుకి మళ్ళీ కాగితాలు. చిన్న ఆర్డర్ల జబ్బు అలాగే ఉండిపోయింది. అయితే ఈ ప్రయత్నం వల్ల ఒక విషయం బయటపడింది. ఏ డబ్బా బ్రిటన్‌కి, ఏ డబ్బా యూనియన్‌కి అన్నది రాటర్‌డ్యామ్‌లో దిగేలోపే తేల్చాలి. అలా తేల్చగలిగినప్పుడు దాన్ని ఇంకా ముందే, చెన్నైలోనే తేలిస్తే రాటర్‌డ్యామ్ అవసరమేముంది?

నేరుగా ఫీలిక్స్‌టో

అక్కడి నుంచి ఆలోచన మారింది. బ్రిటన్ కంటైనర్ వేరే, నేరుగా ఫీలిక్స్‌టో రేవుకి. చెప్పడానికి తేలికే. చిక్కంతా అక్కడ దిగుమతిదారు ఎవరన్నదే. బ్రిటన్ కస్టమ్స్‌లో సరుకు విడిపించేవాడికి జీబీతో మొదలయ్యే ఈఓఆర్ఐ నంబర్ (కస్టమ్స్ నమోదు నంబర్) ఉండాలి. నెదర్లాండ్స్ వ్యాపారికున్న యూనియన్ నంబర్ అక్కడ చెల్లదు. పాత ఖాతాదారుల్లో ఒక్కడికీ నిండు కంటైనర్ దించుకునే శక్తి లేదు.

యజమాని తానే అన్నీ కట్టి గుమ్మం దాకా చేరవేస్తానన్నారు, ఎగుమతి భాషలో డీడీపీ. నేను గట్టిగా అడ్డుపడ్డాను. అప్పుడు బ్రిటన్ చట్టం ముందు దిగుమతిదారు చిత్తూరులోని యూనిట్ అవుతుంది. అక్కడి వ్యాట్ నమోదు, సుంకం తప్పు లెక్కపెడితే జరిమానా, సరుకు ఆగితే రేవు అద్దె, అన్నీ ఇక్కడికే వస్తాయి. వాటిని మోసే మార్జిన్ గుజ్జులో లేదు. రిస్కు ఎవరి చేతిలో అదుపులో ఉంటుందో వాళ్ళే మోయాలన్నది నా నియమం. ఓడ ఎక్కేదాకా మనం, దిగాక వాళ్ళు.

చివరికి కుదిరింది ఇలా. ఖాతాదారుల్లో కాస్త పెద్ద హోల్‌సేలర్ ఒకాయన దిగుమతిదారుగా ఉండటానికి ఒప్పుకున్నాడు. కంటైనర్‌లో కొంత తనకు, మిగతాది తోటి హోల్‌సేలర్లకు, తయారీదారులకు అమ్ముకుంటాడు. దానికి ప్రతిఫలంగా మేం రాయితీ ఇచ్చాం. పాత రాయితీకి దీనికి తేడా ఉంది. ఇది ఒక పనికి ఇచ్చిన కూలి, కాగితాలు వెయ్యి కార్టన్ల మీద ఒక్కసారి చేసే పనికి. నెదర్లాండ్స్ వ్యాపారిని వదులుకోలేదు, యూనియన్ వాటా ఆయనదే. ఆయనకి ముందే చెప్పి చేశాం. చెప్పకుండా చేసి ఉంటే జర్మనీ, ఫ్రాన్స్ అమ్మకాలు కూడా పోయేవి.

కొత్త కొనుగోలుదారు కాబట్టి మొదటి కంటైనర్ ఎల్‌సీ మీద, అంటే కొనేవాడి బ్యాంకు చెల్లింపు హామీ మీద. తర్వాత వాయిదా చెల్లింపుకు దిగినప్పుడు ఈసీజీసీ కవర్ (కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఎగుమతి బీమా) తీసుకున్నాకే. ఈ విషయంలో యజమాని నాకంటే జాగ్రత్తగా ఉన్నారు.

పత్రాల్లో చిన్నదిగా కనిపించే ఒక పెద్ద విషయం చెప్పాలి. యూనియన్‌కు జీఎస్పీ రాయితీ కోసం రెక్స్ (ఎగుమతిదారుల నమోదు పద్ధతి) కింద ఇన్‌వాయిస్ మీద ఒక వాక్యం రాస్తాం, సరుకు యూరోపియన్ యూనియన్ జీఎస్పీ నియమాల ప్రకారం భారతదేశంలో పుట్టిందని. ఆఫీసులో అది కంప్యూటర్‌లో ఎప్పటి నుంచో ఉన్న వాక్యం, ప్రతి ఇన్‌వాయిస్ మీదా దానంతటదే వస్తుంది. బ్రిటన్ రెక్స్ వాడదు. తన జీఎస్పీకి అప్పట్లో వేరే ప్రకటనో, ఫారం ఏ అనే పుట్టుక ధ్రువపత్రమో అడిగేది. అందుకని బ్రిటన్ ఇన్‌వాయిస్‌కి టెంప్లేట్ పూర్తిగా వేరు చేయించాను, ఫైలు రంగు కూడా మార్పించాను. 2023 జూన్ 19న బ్రిటన్ ఆ జీఎస్పీ స్థానంలో డీసీటీఎస్ అన్న, వర్ధమాన దేశాల కోసమే పెట్టిన కొత్త పథకం తెచ్చినప్పుడు ఒక్క టెంప్లేట్ మారిస్తే సరిపోయింది.

టిన్నులు, డబ్లిన్, పౌండు

850 గ్రాముల టిన్నుల మీద అమ్మకందారు చిరునామా ఉండాలి. యూనియన్‌లో అమ్మితే యూనియన్ చిరునామా, బ్రిటన్‌లో అమ్మితే బ్రిటన్ చిరునామా. బ్రిటన్ ఈ నియమానికి గడువులు పొడిగిస్తూ వచ్చి 2024 జనవరి 1 నుంచి అమలు చేసింది. టిన్నులు సీజన్‌కు ముందే ఆర్డర్ పెడతారు. ముద్రించిన టిన్ను ఒక మార్కెట్‌కే పనికొస్తుంది. అందుకని ముద్రణ లేని టిన్నులు కొని, ఆర్డర్ ఖాయమయ్యాక కాగితం లేబుల్ అతికించే పద్ధతికి మారాం. లేబుల్ కూలి పెరిగింది, చిక్కుకుపోయే నిల్వ తగ్గింది. ఉడికించి మూసిన డబ్బా కాబట్టి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం చిక్కులు మాకు రాలేదు. తాజా కాయ పంపేవాళ్ళ కథ వేరు.

తాజా కాయ అంటే ఒక మాట గుర్తొస్తోంది. 2014 మేలో పండుఈగ కారణంగా భారతీయ మామిడిని యూనియన్ నిషేధించినప్పుడు, మన మామిడికి అక్కడ అతిపెద్ద మార్కెట్ అయిన బ్రిటన్ కూడా మూసుకుపోయింది. కూటమిలో ఉన్నందువల్ల ఆ నిర్ణయం లండన్ చేతిలో లేదు. బయటికి వెళ్ళాక అలాంటి నిర్ణయం ఆ దేశం విడిగా తీసుకోవచ్చు. నిష్క్రమణలో మనకు అంతా నష్టమేనని నేను అనను. రెండు తలుపులున్నప్పుడు ఒకటి మూసినా రెండోది తెరిచి ఉండొచ్చు. కానీ రెండు తాళాలూ మనమే చూసుకోవాలి.

బ్రిటన్ దిగుమతిదారు డబ్లిన్‌లోని ఖాతాకు కూడా తానే పంపుతానన్నాడు. వద్దన్నాను. ఐర్లండ్ యూనియన్‌లోనే ఉంది. బ్రిటన్‌లో సుంకం కట్టిన గుజ్జు అక్కడికి పోతే అదే రెట్టింపు సుంకం, ఈసారి ఎదురు దిక్కున. 2021 జనవరిలోనే ఫ్రాన్స్‌లోని డంకర్క్ నుంచి ఐర్లండ్‌లోని రాస్లేర్‌కి బ్రిటన్‌ను తాకకుండా కొత్త ఫెర్రీ మొదలైంది. డబ్లిన్‌ను నెదర్లాండ్స్ వ్యాపారికే వదిలేశాం. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు నియమాలు మళ్ళీ వేరు, దాని జోలికి పోలేదు.

ఇక పౌండు. కొత్త దిగుమతిదారు పౌండ్లలో ధర అడిగాడు. రెఫరెండం ముందు 100 రూపాయల దగ్గరున్న పౌండు ఆ ఏడాది చివరికి 84 దగ్గరికి వచ్చిన సంగతి యజమానికి బాగా గుర్తుంది. ఓడ అద్దె డాలర్లలో, అప్పు రూపాయల్లో ఉన్నప్పుడు పౌండ్లలో అమ్మడమంటే మూడో కరెన్సీ నెత్తికెత్తుకోవడమే. మొదట డాలర్లకే ఒప్పించాం. తర్వాత బేరం నిలవాలంటే పౌండు తప్పదనిపించింది. అప్పుడు కూడా బ్యాంకులో ఫార్వర్డ్ కాంట్రాక్టు (మారకం రేటును ముందే ఖాయం చేసుకునే ఒప్పందం) తీసుకోకుండా పౌండ్ల ఇన్‌వాయిస్ ఇవ్వకూడదని నియమం పెట్టుకున్నాం. 2022 సెప్టెంబర్ 26న పౌండు 1.04 డాలర్ల కిందికి, ఎన్నడూ లేనంతగా పడినప్పుడు ఒక కంటైనర్ సముద్రం మీద ఉంది. రేటు ముందే కట్టేసి ఉండటం వల్ల ఆ పతనం యూనిట్‌కి తగల్లేదు.

ఫలితం, మిగిలినవి

బ్రిటన్ అమ్మకాలు పాత స్థాయికి చేరలేదు గానీ నిలకడగా ఉన్నాయి. డబ్బు ముందటికంటే త్వరగా వస్తోంది. చిన్న ఖాతాదారుల్లో కొందరు కొత్త దిగుమతిదారు దగ్గర కొంటున్నారు, కొందరు ఇక రాలేదు. వాళ్ళను తిరిగి తెచ్చే మార్గం నాకు కనిపించలేదు.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక పద్ధతి మారింది. పుత్తూరు, దామలచెరువు వైపు నుంచి ఏ యూనిట్ వచ్చినా నేను ముందు ధర అడగను. మీ డబ్బా చివరికి తెరుచుకునేది ఏ దేశంలో అని అడుగుతాను. చాలామందికి రేవు పేరు తెలుసు, ఆ తర్వాత తెలియదు. కొనేవాడు చెప్పడు, మనమూ అడగం. కూటములు నిలకడగా ఉన్నంతకాలం ఆ తెలియకపోవడం ఖర్చు లేనిది. ఒక దేశం బయటికి నడిచిన రోజు మాత్రం ఆ సమాచారం ఉన్నవాడు ఆరు నెలల ముందే మేలుకుంటాడు. ఈ యూనిట్ దగ్గర దేశాలవారీ అమ్మకాల జాబితా 2016లోనే ఉండి ఉంటే, బ్రిటన్‌లో దిగుమతిదారును వెతకడానికి వాళ్ళకు నాలుగేళ్ళ గడువుండేది. ఇప్పుడు ప్రతి ఒప్పందంలోనూ ఆ జాబితా ఏడాదికోసారి ఇవ్వాలన్న షరతు రాయిస్తున్నాను.

2025 సీజన్‌లో తోతాపురి ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, దానిపైన ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయం జరిగింది. పాత నిల్వలున్న యూనిట్లు కాయ కొనడానికి ఇబ్బంది పడ్డాయి. అదే జూలై 24న భారత్, బ్రిటన్ మధ్య సమగ్ర ఆర్థిక, వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. "ఇంక సుంకం బాధ తీరినట్టేనా మేడం?" అని యజమాని ఫోన్ చేశారు. సున్నా సుంకం అన్న మాట 2020 డిసెంబర్‌లో కూడా చదివామని, అది ఎవరి సరుక్కి, ఏ దారిన పోతే, ఏ కాగితం మీద అన్న మూడూ చూడాలని చెప్పాను. ఆయన మూడో రకం ఇన్‌వాయిస్ టెంప్లేట్‌కి ఖాళీ ఫైలు తెరిపించారు. సరుకు ఇక్కడే పుట్టిందని చూపడానికి, ఏ ర్యాంపు నుంచి, ఏ రోజు, ఎంత కాయ వచ్చిందో బ్యాచ్ నంబర్‌తో కలిపి రాయడం ఆ సీజన్ నుంచే మొదలుపెట్టించాం.